సర్వరు – ఒక అమానతు

మా చిన్నతనమున 'సర్వరు' అనిన మాకు తెలిసినవాడు ఒక్కడే. బస్టాండు ప్రక్కనున్న హోటలులో భుజముపై తువ్వాలు వేసికొని, ఎడమచేతిపై నాలుగు ఇడ్లీ పళ్ళెములు నిలిపి, కుడిచేత చట్నీ గిన్నె పట్టుకొని బల్లల నడుమ తిరుగువాడు. ఎవరేమి యడిగిరో వ్రాసికొనకయే గుర్తుంచుకొని, ఎవరిది వారికి తెచ్చి యిచ్చెడివాడు. ఆతడు రాని దినమున హోటలు తలుపులు తెరచియున్నను మూసినట్లే యుండెడిది.

పెద్దవారమై, విశ్వవిద్యాలయమున ఎం.ఏ. ముగించి, ఈ కళాశాలలో తెలుగు ఉపన్యాసకులముగా చేరిన పిమ్మట, ఉర్దూ శాఖకు చెందిన మా పెద్దలొకరు ఈ మాటను గూర్చి యొక వింత చెప్పిరి. ఉర్దూలో సీన్, రే, వావ్, రే అను నాలుగక్షరములు వ్రాసి జబర్, పేష్ గుర్తులు పెట్టక విడిచినచో, 'సర్వర్' అని చదివిన నాయకుడు, 'సురూర్' అని చదివిన ఆనందము. కంప్యూటరు సర్వరును గూడ నేడు ఆ నాలుగక్షరములతోనే వ్రాయుచున్నారు. "నౌకరో, నాయకుడో, ఆనందమో, సందర్భమును బట్టి చదువుకొనవలె జనాబ్" అని వారు నవ్విరి. ఆ నవ్వులో మేమును కలిసితిమి. ఆ యంత్రమును ఒకనాడు మాకే యప్పగింతురని అప్పటికి మాకు తెలియదు.

కంప్యూటరు శాస్త్రము చదువని పాఠకులకై రెండు మాటలు చెప్పవలసియున్నది. సర్వరు అనునదియు ఒక కంప్యూటరే. కాని అది ఒకరి బల్లపై ఒకరికై పనిచేయునది కాదు. ఒక మూల గదిలో రాత్రింబవళ్ళు మేలుకొనియుండి, పదిమంది కంప్యూటర్లు అడిగిన దానిని వెదకి యందించునది. అడిగినవారికి దాని ముఖము కనిపించదు. అందుచేత అది బాగుగ నున్నంత కాలము దానిని ఎవరును తలంపరు. దానిని తలంచు దినము వచ్చినదనగా ఏదో కీడు జరిగినదన్నమాటే.

మా కళాశాల 2019లో ఇట్టి యంత్రము నొకదానిని కొన్నది. గ్రంథాలయము ప్రక్కన విరిగిన కుర్చీలు, ఆటల సామగ్రి వేయు గది యొకటి యుండగా, దానిని ఊడ్చి సున్నము వేయించి అందులో నిలిపిరి. విద్యార్థుల ఇంటర్నల్ మార్కులు, గ్రంథాలయపు పుస్తకముల పట్టిక, ఈ వార్షిక సంచికల పాత ప్రతుల ఫొటోలు అందులో చేరినవి. దానిని చూచుకొను కంప్యూటరు ఉపన్యాసకులు మరుసటి యేడు వేరొక యూరికి ఉద్యోగముపై వెళ్ళిపోయిరి. అప్పుడు ప్రిన్సిపాలుగారు మమ్ము పిలిచి, "మీరు ఏ పని చేసినను శ్రద్ధగా చేయుదురు, కొంతకాలము మీరే చూచుకొనుడు" అనిరి. పొగడ్తకు లొంగని వాడెవ్వడు? తాళపుచెవి తీసికొంటిమి. ఆ 'కొంతకాలము' నేటికిని ముగియలేదు.

2021 జనవరి నుండి మార్చి వరకు మా తెలుగు శాఖ విద్యార్థులు ఒక మంచి పని చేసిరి. తమ తమ యిండ్లలోను, ఇరుగుపొరుగులను గల వృద్ధుల మాటలను సెల్‌ఫోనులలో రికార్డు చేసి తెచ్చిరి. పీర్ల పండుగనాడు పాడు తెలుగు పాటలు, పెండ్లిండ్లలో అత్తింటివారిని ఆటపట్టించు పాటలు, దూదేకుల కుటుంబములవారు తమ వృత్తిని గూర్చి చెప్పిన ముచ్చటలు, మొత్తము 96 రికార్డులు. వానిని సర్వరులో ఒక క్రొత్త ఫోల్డరు చేసి దాచితిమి. వానిలో ఒకటి మా కళాశాల అటెండరు తల్లిది. ఆ అటెండరును మేమందరము 'చాచా' అని పిలుతుము. ఆమెకు అప్పటికి ఎనుబదేండ్లు దాటినవి. ఆమె తన తండ్రి యూరూర తిరిగి దూది ఏకిన వైనము నలువది నిముషములు చెప్పెను. ఏకెడు వింటి నారిని కొయ్యసుత్తితో కొట్టినపుడు వచ్చు మ్రోతను నోటితో అనుకరించి చూపెను. ఎండిన దూదికి ఒక మ్రోత, చెమ్మ తగిలిన దూదికి ఇంకొక మ్రోత. ఆ మే నెలలో కరోనా రెండవ ఉధృతిలో ఆమె కన్నుమూసెను.

తరువాతి యేడు, 2022 మే నెలాఖరున, ఒక మధ్యాహ్నము కరెంటు పోయినది. కడప ఎండలను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. యు.పి.ఎస్. రెండు నిముషములైనను నిలువలేదు. దాని బ్యాటరీలు కొన్న నాటినుండి ఎవరును మార్చలేదు, పరీక్షించలేదు. కరెంటు వచ్చిన తరువాత సర్వరు మీట నొక్కితిమి. పంకాలు తిరిగినవి. తెరపై తెల్లని యక్షరములు నాలుగు కనిపించి నిలిచిపోయినవి. డిస్కు కనిపించుట లేదని దాని సారాంశము.

అందులో రెండు డిస్కులు కలవనియు, ఒకదానిలో వ్రాసినదెల్ల తక్షణమే రెండవదానిలోను వ్రాయబడుననియు, దీనిని 'రెయిడ్' పద్ధతి యందురనియు మాకు తెలియును. కావున ఒకటి పోయినను ఇంకొకటి యున్నదని ధైర్యముగ నుంటిమి. కాని ఆ మొదటిది ఎప్పుడో ఫిబ్రవరిలోనే పోయినది. ఆ సంగతి చాచా మాతో చెప్పియుండెను గూడ. గది ఊడ్వబోయిన ఆతడు వచ్చి, "సార్, ఇన్నాళ్ళూ పచ్చగా వెలిగే లైటు పసుపుగా వెలుగుతోంది" అనెను. "వెలుగుచున్నది గదా చాచా, బాగుగనే యున్నది" అంటిమి. మేము తెలుగు పద్యములకు ప్రతిపదార్థము చెప్పువారము. ఆ పసుపు లైటుకు అర్థమడుగవలెనని తోచలేదు. మూడు నెలలు ఒంటికాలిపై నిలిచిన ఆ సర్వరు, ఆనాటి కరెంటు దెబ్బకు రెండవ కాలును గూడ పోగొట్టుకొన్నది.

ఇక మిగిలినది బయట తగిలించిన బ్యాకప్ డిస్కు. దానిని తెరచి చూచితిమి. అందులోని చివరి నకలు 2021 అక్టోబరునాటిది. ఆనాడు ఆ డిస్కు నిండిపోయినది. అప్పటినుండి ప్రతి రాత్రి రెండు గంటలకు సర్వరు నకలు తీయబోవుట, చోటు లేక విఫలమగుట, ఆ సంగతిని తన లాగ్ ఫైలులో ఒక పంక్తి వ్రాసికొనుట జరుగుచునే యున్నవి. ఏడు నెలలు అది నివేదించినది. ఏడు నెలలు ఎవరును చదువలేదు. ఇంతకన్న పెద్ద సంగతి యింకొకటి. ఏయే ఫోల్డర్లకు నకలు తీయవలెనో 2019లో ఒక జాబితా వ్రాసి యుంచిరి. మేము 2021లో చేసిన రికార్డుల ఫోల్డరు ఆ జాబితాలో లేదు. దానికి ఒక్కనాడును నకలు తీయబడలేదు.

మార్కుల మాట కాగితపు రిజిష్టర్లు కాపాడినవి. నలుగురు ఉపన్యాసకులము పదునైదు దినములు కూర్చుండి తిరిగి యెక్కించితిమి. పుస్తకముల పట్టిక పాత నకలులో దొరికినది. డిస్కులను తెరచి చదువగల నిపుణులకు పంపితిమి. లోపలి పలకలు గీచుకొనిపోయినవని వారు తిప్పి పంపిరి. విద్యార్థుల ఇండ్లకు తిరిగి పాత ఫోనులను, మెమరీ కార్డులను వెదకించితిమి. తొంబదియాఱింటిలో 41 దొరికినవి. 55 పోయినవి. ఫోను మార్చినవారు కొందరు, చోటు చాలక చెరిపివేసినవారు కొందరు. "కాలేజీలో భద్రంగా ఉంది కదా అనుకున్నాం సార్" అని ఒక విద్యార్థిని చెప్పినపుడు మేము తల యెత్తలేకపోతిమి.

చాచా వచ్చి, "సార్, మాయమ్మ గొంతు దొరికిందా?" అని యొక్కసారి యడిగెను. దొరకలేదని చెప్పితిమి. ఆతడు కొంతసేపు నిలిచి, తాళపుచెవుల గుత్తి తీసికొని వెళ్ళిపోయెను. మరల నెన్నడును అడుగలేదు.

మా పూర్వ విద్యార్థి యొకడు హైదరాబాదులో సర్వర్ల సంరక్షణయే వృత్తిగా గలవాడు. ఆ జూలైలో బక్రీదుకు ఇంటికి వచ్చి, పండుగ మరునాటినుండి మూడు దినములు ఆ గదిలో మాతో కూర్చుండెను. మా శిష్యుని యొద్ద మేము శిష్యులమై నేర్చుకొన్నది ఇచట వ్రాయుచున్నాము. ఇందులో గొప్ప శాస్త్ర మేమియు లేదు. ఉన్నదెల్ల గృహిణి యొక్క మెలకువ వంటిదే.

ఆతడు మొదట చెప్పినది, జంట డిస్కు నకలు కాదని. అద్దము ముందు నిలిచి మనము కంటికి సుర్మా పెట్టుకొనిన అద్దములోని వ్యక్తియు పెట్టుకొనును. చెరుపుకొనిన ఆతడును చెరుపుకొనును. అట్లే ఒక డిస్కులో పొరపాటున ఒక ఫైలు తుడిచివేసిన, రెండవది నమ్మకముగ దానిని తుడిచివేయును. ఒక డిస్కు చెడినప్పుడు పని ఆగకుండ నిలుపుటకు మాత్రమే జంట యుపయోగపడును. నకలనగా మూలముతో సంబంధము తెంచుకొని వేరుగ నుండవలెను.

నకళ్ళ విషయమున ఈ వృత్తివారి కొక సూత్రము కలదు. దానిని '3-2-1' అందురు. మూలముతో కలిపి మూడు ప్రతులు. రెండు విధములైన సాధనములపై. వానిలో ఒకటి దూరముగ వేరొక చోట. ఇది వినగానే మాకు క్రొత్తగ తోచలేదు. యమామా యుద్ధములో ఖురాను కంఠస్థము చేసిన హాఫిజులు పలువురు మరణించినపుడు, హృదయములలో నున్నది పత్రములపైకి గూడ రావలెనని ఖలీఫా అబూబక్ర్ నిర్ణయించుటయు, జైద్ బిన్ సాబిత్ దానిని సంకలనము చేయుటయు, పిమ్మట ఖలీఫా ఉస్మాన్ ప్రతులు వ్రాయించి వేర్వేరు నగరములకు పంపుటయు మన విద్యార్థులు చదివినదే. హృదయ మొక సాధనము, పత్ర మొక సాధనము, దూర నగరమున నొక ప్రతి. తెలుగు సాహిత్యపు కథయు ఇట్టిదే. తాటాకు శాశ్వతము కాదు. పురుగు తినును, అంచులు విరుగును. ఒక తరమువారు ఘంటముతో క్రొత్త ఆకులపై తిరిగి వ్రాసినందుననే తరువాతి తరమునకు కావ్యము అందినది. మా కడపలోనే పందొమ్మిదవ శతాబ్దిలో సి.పి. బ్రౌను దొర పండితులను, లేఖకులను జీతములిచ్చి నిలుపుకొని, ఒక్కొక్క కావ్యమునకు పలు ప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధ ప్రతులు వ్రాయించెను. ఆయన పేర నున్న గ్రంథాలయమునకు మేము విద్యార్థులను ప్రతి సంవత్సరము తీసికొనిపోవుచుంటిమి. అచట చెప్పిన పాఠము మా గదిలోని యంత్రమునకు వర్తించునని తలంపకపోతిమి.

ఒక ప్రతి దూరమున నుండవలెననుటకు కారణము అగ్ని, వరద, దొంగ. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గులో ఓ.వి.హెచ్. సంస్థవారి సర్వర్ల భవనమొకటి పూర్తిగ కాలిపోయెను. మూలమును, నకలును ఒకే ఆవరణలో నుంచుకొన్నవారు రెండును పోగొట్టుకొనిరి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరమున ప్రభుత్వ సర్వర్ల కేంద్రములో బ్యాటరీల నుండి నిప్పు పుట్టెను. ఆ దేశపు ప్రభుత్వోద్యోగులు తమ పత్రములు దాచుకొను 858 టెరాబైట్ల భాండారము భస్మమయ్యెను. అంత పెద్ద దానికి వేరొక చోట నకలు తీయుట కష్టమని తీయలేదట. ధనము, విద్య, యంత్రములు గల దేశమే యిట్లు పోగొట్టుకొన్నది. కుర్చీల గదిలో సర్వరు పెట్టుకొన్న మావంటి వారి మాట చెప్పనేల?

నకలు తీయుటతో పని ముగియదు. దానిని తిరిగి తెరచి చూడవలెను. ఇది మేము నేర్చిన పాఠములలో అతి ముఖ్యమైనది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను సంస్థలో ఒక ఇంజనీరు రాత్రివేళ అలసియుండి, ఒక సర్వరు అనుకొని ఇంకొక సర్వరులో సమాచారమును తుడిచివేయు ఆజ్ఞ నిచ్చెను. క్షణములలో పొరపాటు గ్రహించి ఆపెను గాని, అప్పటికే సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర మాత్రమే మిగిలినవి. వారికి ఐదు విధముల రక్షణ మార్గములు కలవు. ఒక్కటియు సరిగ పనిచేయుట లేదని ఆ రాత్రియే తెలిసినది. ప్రతిదినము తీయవలసిన నకలు ఎప్పటినుండియో విఫలమగుచున్నది. విఫలమైనదని పంపిన ఈమెయిళ్ళు గూడ చేరుట లేదు. ఆరు గంటల క్రితము ఒకరు వేరే పనికై తీసిన ప్రతి యొకటి యుండుటచే బయటపడిరి. అంతకు పూర్వము 1998లో అమెరికాలో 'టాయ్ స్టోరీ 2' చిత్రమును నిర్మించుచుండగా ఒక తప్పు ఆజ్ఞవలన చిత్రములో అధిక భాగము చెరిగిపోయెను. అచటను బ్యాకప్ సరిగ పనిచేయుట లేదు. ఆ చిత్రపు సాంకేతిక పర్యవేక్షకురాలు గేలిన్ సుస్మన్ పసిబిడ్డ తల్లియై యింటినుండి పనిచేయుచుండుటచే ఆమె యింట ఒక ప్రతి యుండెను. ఆ ప్రతియే చిత్రమును నిలిపినది. వారిని కాపాడినది ఏర్పాటు కాదు, అదృష్టము. మాకు ఆ అదృష్టము 41 రికార్డుల వరకు మాత్రమే కలిగినది.

రమజానులో తరావీహ్ నమాజు చూచినవారికి ఈ విషయము సులభముగ బోధపడును. ముందు నిలిచి ఖురాను చదువు హాఫిజునకు అంతయు కంఠస్థమే. ఐనను వెనుక ఇంకొక హాఫిజు శ్రద్ధగ వినుచు నిలుచును. ఎచటనైన ఒక మాట తప్పిన ఆతడందించును. దీనిని 'లుఖ్మా ఇచ్చుట' యందురు. లుఖ్మా యనగా ముద్ద. ప్రతి సంవత్సరము, ఆద్యంతము, అందరి యెదుట ఈ పరీక్ష జరుగును. కంఠస్థమైనదని ఊరకుండరు. మేమును ఇప్పుడు ప్రతి నెల మొదటి శనివారము నకలు డిస్కునుండి ఏవేని ఐదు ఫైళ్ళు వేరొక కంప్యూటరుపైకి తెచ్చి తెరచి చూతుము. పాట వినబడవలెను, మార్కులు రిజిష్టరుతో సరిపోవలెను. ఏటికొకసారి వేసవిలో సర్వరు పోయినదే యనుకొని, ఖాళీ కంప్యూటరుపై మొత్తము తిరిగి నిలుపుదుము. మొదటిసారి నాలుగు దినములు పట్టినది. ఇప్పుడు ఒక పూట చాలును.

తాళముల విషయమున మా అలసత్వము చెప్పుటకే సిగ్గగుచున్నది. పాస్‌వర్డు కళాశాల పేరు, దాని ప్రక్కన సంవత్సరము. అది మరచిపోవుదుమని తెర క్రింద చీటి యంటించియుంటిమి. అందరును ఆ యొక్క పాస్‌వర్డుతోనే, సర్వాధికారములు గల ఖాతాలోనే పనిచేసెడివారము. ఎవరేమి చేసిరో తెలియు మార్గము లేదు. వెళ్ళిపోయిన ఉపన్యాసకుల ఖాతా రెండేండ్లు తెరచియే యున్నది. వారు సజ్జనులు, కాని తాళము సజ్జనులకై వేయునది కాదు గదా! ఇప్పుడు ఎవరి ఖాతా వారిది. మార్కులు ఎక్కించువారికి మార్కుల వరకే యధికారము. ఉద్యోగము విడిచినవారి ఖాతా ఆ సాయంత్రమే మూయుదుము. సర్వాధికారపు ఖాతా అవసరమైనపుడు మాత్రమే తెరతుము. దాని పాస్‌వర్డు మూసిన కవరులో ప్రిన్సిపాలుగారి బీరువాలో నుండును. ఏలనన, మేము రేపు లేకున్నను కళాశాల యుండవలెను.

సాఫ్ట్‌వేరు మరమ్మతుల సంగతి యింకొకటి. తయారుచేసినవారు తమ పనిలో తప్పులు కనుగొని, ఎప్పటికప్పుడు సవరణలు పంపుచుందురు. వానిని మేము 'తరువాత చూతము' అని నొక్కి దాటవేయుచుంటిమి. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోసులోని ఒక లోపమునకు సవరణ పంపినది. మే 12న ఆ లోపముగుండ 'వన్నాక్రై' అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచముపై బడి, నూటయేబదికి పైగా దేశములలో కంప్యూటర్ల ఫైళ్ళకు తాళము వేసి డబ్బు అడిగినది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసి వచ్చెను. మందు చేతికి వచ్చి రెండు నెలలైనను మ్రింగనివారికే ఆ జబ్బు సోకినది. అట్లని కన్నులు మూసికొని మ్రింగుటయు మేలు కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణ సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన సవరణవలన సుమారు 85 లక్షల విండోసు కంప్యూటర్లు ఒక్కసారిగ నిలిచిపోయెను, విమానములు ఆగెను. కావున మా శిష్యుడు చెప్పిన మార్గమిది: ముందు నకలు తీయుము, పిదప ఒక చిన్న కంప్యూటరుపై సవరణను పరీక్షింపుము, ఆ తరువాత సెలవు దినమున సర్వరుపై వేయుము. వాయిదా వేయుట వేరు, నిదానించుట వేరు.

గదిని గూర్చి కొంత చెప్పవలెను. యంత్రమునకు పదునెనిమిది నుండి ఇరువదియేడు డిగ్రీల వరకు ఉష్ణోగ్రత మేలందురు. మా వేసవికి అది కలలోని మాట. ఐనను పడమటి కిటికీకి పరదా కట్టి, ఒక ఏ.సి. సంపాదించి, గోడకు ఉష్ణమాపకమును తగిలించితిమి. పంకాల దుమ్ము మూడు నెలలకొకసారి సర్వరు నాపి తుడిపింతుము. యు.పి.ఎస్. బ్యాటరీలపై కొన్న తేదీ వ్రాసి యంటించితిమి. మూడేండ్లు దాటినపిమ్మట వానిని నమ్మము. కరెంటు పోయి ఐదు నిముషములైన, బ్యాటరీ యుండగనే సర్వరు తనంతట తాను ఒక క్రమములో పని ముగించి ఆగునట్లు ఏర్పాటు చేయించితిమి. నిదురించువానిని లేపుటకును, తల నరకుటకును గల భేదమే క్రమముగ ఆపుటకును, ఒక్కసారిగ కరెంటు పోవుటకును గలదు.

అన్నిటికన్న చిన్నదిగ కనిపించి, అన్నిటికన్న ఎక్కువ మేలు చేసినది ఒక నోటుపుస్తకము. నూరు పుటల రూళ్ళ పుస్తకము. సర్వరులో ఏమి మార్చితిమో, ఎందుకు మార్చితిమో, ఎవరు మార్చిరో, ఏ తేదీన మార్చిరో అందులో వ్రాయుదుము. క్రొత్త ఫోల్డరు చేసిన, అది నకళ్ళ జాబితాలో చేరినదా యను ప్రశ్నకు జవాబు వ్రాయక ఆ పంక్తి ముగియదు. సర్వరు గడియారము సరిగ నున్నదో లేదో చూతుము. గడియారము తప్పిన లాగ్ ఫైలులోని సాక్ష్యమంతయు తప్పును. ఇంకొక మెలకువ గలదు. పూర్వము 'చెడు జరిగిన కబురు వచ్చును' అని యూరకుండెడివారము. కబురు తెచ్చువాడే పడిపోయిన కబురెవరు తెత్తురు? ఇప్పుడు మంచి జరిగిన కబురే ప్రతి ఉదయము రావలెనని నియమించితిమి. రాత్రి నకలు పూర్తియైనదని, ఇంత చోటు మిగిలినదని ఒక సందేశము ముగ్గురి ఫోనులకు వచ్చును. ఏ ఉదయము అది రాదో, ఆ ఉదయము మొదటి తరగతికన్న ముందు ఆ గదికి పోవుదుము. నిశ్శబ్దమును క్షేమమని యనుకొనుట మానివేసితిమి.

ఈ కథను ఇంత వివరముగ, మా తప్పులతో సహా ఏల వ్రాయుచున్నామని మిత్రులు కొందరు అడిగిరి. గిట్‌ల్యాబ్ వారు తమ పొరపాటును దాచలేదు. ఏమి జరిగినదో లోకమందరు చదువునట్లు ప్రకటించిరి. ఆ ఇంజనీరును దోషిగ వీధిలో నిలుపలేదు. ఎవరు చేసిరని గాక, ఆ తప్పు ఎట్లు సాధ్యమైనదని అడిగిరి. మన సంస్థలలో దీనికి విరుద్ధముగ జరుగుచుండును. తప్పు జరిగినపుడు ముందు ఒక మనిషిని వెదకుదుము. దొరికిన పిదప ఆ గదికి తాళమువేసి మరతుము. మమ్ము ఎవరును నిందింపలేదు. కాని నిందింపకపోవుటతో మా బాధ్యత తీరదు. వ్రాసి యుంచినచో రేపు ఇంకొక కళాశాలలో ఇంకొక గదిలో పసుపు లైటు వెలిగినపుడు, దాని యర్థము ఒకరికైన తెలియును.

మన ఉర్దూ మిత్రులు 'అమానత్' అను మాటను ఎంతో గౌరవముతో పలుకుదురు. తెలుగువారమును కచేరీ కాగితములలో 'అమానతు' అని వాడుదుము. ఒకరు తమ వస్తువును మనవద్ద దాచి, అడిగినపుడు తిరిగి యిత్తురను నమ్మకముతో వెళ్ళుదురు. ఆ వస్తువు మనది కాదు. కావుననే దానిని మన వస్తువుకన్న జాగ్రత్తగ చూడవలెను. సర్వరులో నున్న ప్రతి ఫైలు ఇట్టిదే. ఒక విద్యార్థి మార్కు, ఒక వృద్ధురాలి పాట, ఎవరో నమ్మి యిచ్చినవి. ఆ నమ్మకమును మేము పసుపు లైటు క్రింద విడిచిపోతిమి.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఇంతకన్న వేయిరెట్లు పెద్ద సర్వర్లను చూచుకొందురు. ఆసుపత్రులవి, బ్యాంకులవి, ప్రభుత్వములవి మీ చేతికి రావచ్చును. ఆనాడు ఈ కుర్చీల గదిని ఒక్కసారి తలంపుడు. ఇండ్లలో ఇంకను పెద్దలు గలవారు ఈ సెలవులలోనే వారి మాటలు రికార్డు చేసి తెండు. మూడు ప్రతులు చేయుదము. ఒకటి మీవద్దనే యుంచుకొనుడు. 'కాలేజీలో భద్రముగ నున్నది' అని మీ ఫోనులో చెరిపివేయకుడు.

నోటుపుస్తకపు మొదటి గడి ప్రతి ఉదయము చాచా నింపును. ఆ పని ఆతనికి ఎవరును చెప్పలేదు. పుస్తకము తెరచిన మూడవ దినమున తానే వచ్చి కలము అడిగెను. తరగతులు మొదలుకాకమునుపే గది తెరచి, యంత్రము ముందు వంగి, రెండు డిస్కుల లైట్లు చూచి, తేదీ వేసి వ్రాయును. అతని యక్షరములు పెద్దవి, రూళ్ళను దాటిపోవును. ఈ వ్యాసము వ్రాయుచున్న ఉదయమున ఆ పుట చూచితిమి. 'పచ్చ, పచ్చ' అని యున్నది.